సంచిలో పట్టని అల

అభిరుచిగా రేడియో నడిపేవాళ్లను హామ్‌లు అంటారు. కొండ మీదికి బయల్దేరిన హామ్ వీపు సంచి విప్పి చూస్తే సామాను కొంచెమే కనబడుతుంది. రెండు అరచేతుల్లో ఇమిడే రేడియో, ఒక లిథియం బ్యాటరీ, వేళ్ల మధ్య పట్టే మోర్స్ కీ, ఇయర్‌ఫోన్లు, రాసుకోవడానికి చిన్న పుస్తకం, పెన్సిలు. అంతా కలిపి రెండు మూడు కిలోలు. ఇదే పనికి 1950లలో బల్ల నిండా వాల్వుల సెట్టు, దాని వెనక చెయ్యి పెడితే కాలే ట్రాన్స్‌ఫార్మరు కావాల్సి వచ్చేవి. వాల్వు పోయి ట్రాన్సిస్టరు వచ్చింది, ఆ తర్వాత చిప్పు వచ్చింది. తరం మారిన ప్రతిసారీ రేడియో చిన్నదవుతూనే ఉంది.

చిన్నది కానిది ఒక్కటే, అల. 14 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో అల పొడవు 21 మీటర్లు. 7 మెగాహెర్ట్జ్ అయితే సుమారు 43 మీటర్లు. 300ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మీటర్లలో వచ్చే లెక్క ఇది. మార్కోనీ కాలంలో ఎంతో ఇప్పుడూ అంతే. కాంతి వేగాన్ని ఏ ఫ్యాక్టరీ మార్చలేదు కాబట్టి, సంచిలోని రేడియో ఎంత చిన్నదైనా దానికి తగిలించే యాంటెన్నా ఈ పొడవులకు లెక్క చెప్పుకోవాల్సిందే.

తక్కువ పవర్‌తో మాట్లాడే పద్ధతిని హామ్‌లు క్యూఆర్‌పీ అంటారు. మోర్స్ కోడ్ అయితే 5 వాట్లు, మాటలైతే 10 వాట్లు, అదీ హద్దు. ఇంత తక్కువ శక్తి ఎంత దూరం పోతుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ఎగరేసిన స్పుత్నిక్‌లో ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాటు. 20, 40 మెగాహెర్ట్జ్‌ల దగ్గర అది చేసిన బీప్ బీప్‌లను ఖండఖండాల హామ్‌లు తమ ఇళ్లలోనే విన్నారు. లెక్కలోకి దిగితే ఇంకా ధైర్యం వస్తుంది. 100 వాట్ల నుంచి 5 వాట్లకు దిగితే నష్టం 13 డెసిబెళ్లు. రిసీవర్ మీది ఎస్-మీటరులో ఒక్కో అంకెకు 6 డెసిబెళ్లు. అంటే 9 దగ్గర నిలిచే ముల్లు 7 కిందికి కొంచెం జారుతుంది, అంతే. బ్యాండు మరీ రణగొణగా లేకపోతే అవతలి చెవికి అది హాయిగా వినపడే సిగ్నలే.

ఆ రెండు అంకెలు వదులుకున్నాక మాత్రం ఇంకో రెండు పోగొట్టుకునే వీలు ఉండదు. 100 వాట్లవాడు పనికిమాలిన యాంటెన్నా పెట్టి కూడా నెట్టుకొస్తాడు. 5 వాట్లవాడికి ఆ వెసులుబాటు లేదు. అతని రేడియోలో సగం విలువ యాంటెన్నాలోనే ఉంది.

ఈ చిన్న రేడియోల కథలో హైదరాబాద్‌కు సొంత చోటు ఉంది. 2003లో అష్హర్ ఫర్హాన్, హామ్‌లకు వీయూ2ఈఎస్‌ఈ, 14 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడే ఒక ట్రాన్స్‌సీవర్ సర్క్యూట్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేశారు. దాని పేరు బిట్‌ఎక్స్. విదేశీ విడిభాగాలు ఇక్కడ దొరకవు, దొరికినా కొనలేం అన్న బాధలోంచి పుట్టిన డిజైన్ అది. మామూలు ట్రాన్సిస్టర్లు చాలు. ఒకే యాంప్లిఫయర్ వినేటప్పుడు ఒక దిక్కుకు, మాట్లాడేటప్పుడు రెండో దిక్కుకు పని చేస్తుంది. కాయిల్ చుట్టడానికి ప్రత్యేకమైన రింగు దొరకనివాళ్లు నల్లాలో వేసే ప్లాస్టిక్ వాషర్ మీద చుట్టుకోవచ్చు. 2016లో 7 మెగాహెర్ట్జ్ కోసం బిట్‌ఎక్స్40 అనే తయారు బోర్డులు హైదరాబాద్ నుంచి ప్రపంచమంతటికీ వెళ్లాయి. వాటి కాయిళ్లు ఇక్కడి మహిళల బృందం చేత్తో చుట్టినవి. 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే బోర్డు సుమారు 7 వాట్లు ఇస్తుంది. పెద్ద కంపెనీల సెట్లు కొనలేని కుర్రాళ్లకు అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. లైసెన్సు పరీక్ష రాసి ప్యాసవడం, బోర్డును ఒక డబ్బాలో బిగించడం అయ్యాక వాళ్ల ముందు నిలిచే ప్రశ్న మాత్రం పాతదే. తీగ ఎక్కడ కట్టాలి? ఎంత పొడవు?

పొడవు ఎందుకు ముఖ్యమో వీణను చూస్తే తెలుస్తుంది. బిగించిన తీగ తన పొడవుకు తగ్గ స్వరాన్నే తేలిగ్గా పలుకుతుంది. సగం అల పొడవున్న లోహపు తీగ కూడా అంతే. దాని మధ్యలో విద్యుత్తును సరైన ఫ్రీక్వెన్సీతో కదిపితే ఎలక్ట్రాన్లు కొస నుంచి కొసకు లయగా ఊగుతాయి, ఇచ్చిన శక్తిలో దాదాపు అంతా అలగా మారి బయటికి పోతుంది. తీగను పొట్టి చేస్తే స్వరం పెరుగుతుంది. పొట్టి తీగతోనే మంద్ర స్వరం పలికించాలంటే దానికి బరువు జోడించాలి. యాంటెన్నాలో ఆ బరువు పని కాయిల్ చేస్తుంది. స్వరం కుదురుతుంది గాని, కాయిల్ ఉచితంగా పని చేయదు. దాని కూలి ఎంతో తర్వాత చూద్దాం.

పూర్తి పొడవు తీగను ఎక్కడికైనా మోసుకుపోవడం కొత్త విద్యేమీ కాదు. 1901 డిసెంబరు 12న మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద నిలబడి, అట్లాంటిక్ ఆవల కార్న్‌వాల్‌లోని పోల్డూ నుంచి మోర్స్ ఎస్ అక్షరం మూడు చుక్కలు విన్నానని ప్రకటించాడు. ఆ రోజు అతని యాంటెన్నా గాలిపటం. అంతకుముందు పోల్డూలో కట్టిన భారీ స్తంభాల వలయం సెప్టెంబరు తుఫానుకు కూలిపోయింది. ఇవతలి ఒడ్డున పైకి పంపిన బెలూను తెగిపోయింది. చివరికి ఈదురుగాలిలో గాలిపటం ఎగరేసి, సుమారు 150 మీటర్ల తీగను దానికి వేలాడదీశారు. ఆ సిగ్నల్ నిజంగా వినపడిందా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. గాలిపటం మాత్రం నిలిచింది. నేటి హామ్‌లలో కొందరు గాలి బాగా వీచే తీరాల్లో అదే పని చేస్తున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ తీగ ప్రాణం మీదికి తెచ్చింది. 1943 జూన్‌లో బ్రిటిష్ రహస్య సంస్థ తరఫున పారిస్ చేరిన నూర్ ఇనాయత్ ఖాన్ వైర్‌లెస్ ఆపరేటర్. టిప్పు సుల్తాన్ వంశీకురాలు. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ సూఫీ దీక్ష తీసుకున్నది హైదరాబాద్‌లోనే. సెట్టు సూట్‌కేసులో పట్టేది, తీగ పట్టేది కాదు. ఇరవై మీటర్ల దాకా బయట కట్టాలి, పని కాగానే చుట్టేయాలి. ఒకసారి ఆమె చెట్టుకు తీగ కట్టలేక అవస్థ పడుతుంటే, అదే భవనంలో ఉంటున్న జర్మన్ అధికారి సంగతి తెలియక వచ్చి సాయం చేశాడని ఆమె జీవితచరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. ఆ అక్టోబరులో ఆమె పట్టుబడింది. 1944 సెప్టెంబరు 13న డాఖౌలో కాల్చి చంపారు. సామాన్లన్నిటిలో దాచలేనిది తీగ ఒక్కటే అన్న సంగతి అప్పటి ఆపరేటర్లందరికీ తెలుసు.

ఇవాళ కొండ మీద హామ్ కట్టే తీగకూ, నూర్ కట్టిన తీగకూ పొడవులో పెద్ద తేడా లేదు. తేడా అంతా బరువులోనూ కట్టే పద్ధతిలోనూ ఉంది.

ఎక్కువమంది వాడేది తలకిందుల వీ ఆకారపు డైపోల్, అంటే మధ్యలో కదిపే సగం అల తీగ. చేపలు పట్టే ఫైబర్‌గ్లాస్ గాలపు కర్రలు ఒకదానిలోంచి ఒకటి జారి ఆరు నుంచి పది మీటర్ల దాకా లేస్తాయి. దాన్ని ఏ రాతికో కంచె గుంజకో బిగించి, కొసన తీగ మధ్యభాగం కట్టి, రెండు చేతులనూ రెండు వైపులా నేల దాకా దించి తాళ్లతో లాగి కడతారు. కార్బన్‌తో చేసిన కర్రలు పనికిరావు, కార్బన్ విద్యుత్తును పోనిచ్చి యాంటెన్నాను చెడగొడుతుంది. గాలపు కర్రల దుకాణంలో ఈ ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోకూడదు.

చేతుల పొడవు లెక్క సులువు. 71.5ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే ఒక్కో చేయి ఎన్ని మీటర్లో వస్తుంది. 14.06కు 5 మీటర్ల 8 సెంటీమీటర్లు. 10.12కు 7 మీటర్ల 7 సెంటీమీటర్లు. 7.03కు 10 మీటర్ల 17 సెంటీమీటర్లు. తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే నూటికి రెండు నుంచి ఐదు వంతులు తగ్గించాలి. అందుకే అనుభవజ్ఞులు ముందు కాస్త పొడుగ్గా కోసి, కొలుస్తూ కత్తిరిస్తూ వస్తారు. మూడు బ్యాండ్లకు మూడు యాంటెన్నాలు మోయకుండా, ఒకే తీగను 5.08 దగ్గర ఒకసారి, 7.07 దగ్గర ఒకసారి తెంచి, చిన్న ప్లగ్గులతో అతుకుతారు. ప్లగ్గు ఊడదీస్తే పై బ్యాండు, పెడితే కింది బ్యాండు. బ్యాండు మార్చిన ప్రతిసారీ కర్ర దించాలి, అదొక్కటే ఇబ్బంది. బదులుగా దక్కేది చూస్తే ఆ ఇబ్బంది లెక్కలోకి రాదు. అర మిల్లీమీటరు మందం రాగి తీగే వాడినా 7 మెగాహెర్ట్జ్ దగ్గర వేడిగా పోయేది నూటికి ఆరు వంతులే. 5 వాట్లలో 4.7 వాట్లు అలగా మారతాయి. తాళ్లు, తీగ, కేబుల్ కలిపినా అర కిలో దాటనక్కర్లేదు.

చెట్లున్న చోట ఇంకో దారి ఉంది. డైపోల్‌ను మధ్యలో కాకుండా కొస దగ్గర కదపడం. అక్కడ విద్యుత్ ప్రవాహం చాలా తక్కువ, వోల్టేజి ఎక్కువ. నిరోధం రెండు మూడు వేల ఓమ్‌లు ఉంటుంది, రేడియో కోరేది 50. ఈ రెంటినీ కలపడానికి ఫెర్రైట్ రింగు మీద చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు కావాలి. రేడియో వైపు 2 చుట్లు, తీగ వైపు 14. చుట్ల నిష్పత్తి 7, నిరోధాల నిష్పత్తి దాని వర్గం, 49. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బాలో పట్టే ఈ ఏర్పాటుతో 20 మీటర్ల తీగను ఒక కొస నుంచి నడపొచ్చు. 7 మెగాహెర్ట్జ్‌కు సగం అలగా కోసిన తీగ 14, 21, 28 మెగాహెర్ట్జ్‌లలోనూ ఇంచుమించు సరిపోతుంది, ఎందుకంటే అవన్నీ 7కు గుణిజాలే. దారానికి బరువు కట్టి చెట్టు కొమ్మ మీదుగా విసిరి, దాంతో తీగను పైకి లాగితే అయిపోయింది. కర్ర అక్కర్లేదు, ప్లగ్గులు మార్చే పని లేదు. ట్రాన్స్‌ఫార్మరు కొంత తింటుంది, కేబుల్ పైతొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోయి తలనొప్పి తెస్తుంది. ఒకటి రెండు మీటర్ల తోడు తీగ నేల మీద పరిస్తే అది చాలావరకు కుదుటపడుతుంది.

దారం విసిరే ముందు తలెత్తి చూడాల్సింది కొమ్మను కాదు, కరెంటు తీగలను. మన ఊళ్లలో, పొలాల్లో 11 వేల వోల్టుల లైన్లు చెట్ల మధ్యలోంచి పోతుంటాయి. యాంటెన్నా తీగ గాని, తడిసిన దారం గాని దాని మీద పడితే ప్రాణం పోతుంది. లైను కనపడితే ఆ చోటు వదిలేయడమే.

చెట్టూ లేదు, కర్ర మోసే ఓపికా లేదు. నడుస్తూ దారిలో పది నిమిషాలు ఆగినప్పుడు రేడియోకే బిగించి మాట్లాడాలి. అలాంటప్పుడు దుకాణాల్లో మెరిసే టెలిస్కోపిక్ కడ్డీ కంటికి ఎంతో అందంగా కనబడుతుంది. 1.2 మీటర్ల కడ్డీ, అడుగున కాయిల్. బరువు నూట యాభై గ్రాములో రెండు వందలో. కాయిల్ కూలి తెలిసేది ఇక్కడే.

యాంటెన్నాకు రెండు నిరోధాలు ఉంటాయని అనుకోవాలి. ఒకటి మంచిది. దానిలో ఖర్చయ్యే శక్తి అలగా మారి బయటికి పోతుంది, దాన్ని వికిరణ నిరోధం అంటారు. రెండోది చెడ్డది. అందులో పోయేది వేడి. కడ్డీని పొట్టి చేస్తే మంచి నిరోధం పొడవు వర్గంతో పాటు పడిపోతుంది. 14 మెగాహెర్ట్జ్ దగ్గర 1.2 మీటర్ల కడ్డీకి అది ఒకటిన్నర ఓమ్‌కు మించదు. కాయిల్‌లో నాలుగు ఓమ్‌లు, ఒకే ఒక్క తోడు తీగ ఉన్న ఎండు నేలలో ముప్పై ఓమ్‌లు పోతాయనుకుందాం. మొత్తం ముప్పై ఐదు. ఇచ్చిన 5 వాట్లలో అలగా మారేది 0.2 వాటు. మిగిలినదంతా కాయిల్‌నూ నేలనూ వెచ్చబెడుతుంది.

అసలు మోసం ఏమిటంటే, మీటరు ఈ సంగతి చెప్పదు. హామ్‌లు యాంటెన్నా సరిగా కుదిరిందో లేదో చూసే కొలత ఎస్‌డబ్ల్యూఆర్. 1 అయితే మేలు, 2 దాటితే గుబులు. మొత్తం ముప్పై ఐదు ఓమ్‌లున్న మన పొట్టి కడ్డీ 1.4 చూపిస్తుంది. చూసినవాడు సంబరపడతాడు. ఇప్పుడు నేల మీద మరో ఎనిమిది తోడు తీగలు పరిచి నేల నష్టాన్ని పది ఓమ్‌లకు దించాడనుకుందాం. మొత్తం పదిహేను చిల్లర, ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటుతుంది. చూసినవాడు కంగారుపడి పరిచిన తీగలను చుట్టేస్తాడు. నిజానికి నిరోధాన్ని రేడియోకు కుదిర్చే ట్యూనరుతో సర్దుకుంటే అతని సిగ్నల్ రెట్టింపు పైనే పెరిగి ఉండేది. 50 ఓమ్‌ల రెసిస్టర్‌ను యాంటెన్నా బదులు పెడితే మీటరు నిక్కచ్చిగా 1 చూపిస్తుంది, ఒక్క అల కూడా బయటికి పోదు. ఎస్‌డబ్ల్యూఆర్ రేడియో సుఖంగా ఉందా లేదా చెబుతుందే తప్ప శక్తి ఎటు పోయిందో చెప్పదు. ఈ ముక్క ప్రతి కొత్త హామ్‌కూ మొదటి రోజే చెప్పాలి.

నిక్షేపంగా పూర్తి తీగ కట్టిన 5 వాట్ల రేడియో 4.7 వాట్లు విడుదల చేస్తుందని చూశాం. అదే పొట్టి కడ్డీకి 100 వాట్ల రేడియో తగిలిస్తే గాలిలోకి వెళ్లేది 4 వాట్లు. ఆ 100 వాట్ల కోసం ఇరవై ఆంపియర్లు లాగే బ్యాటరీని మోసుకురావాలి. అర కిలో తీగ మోసినవాడే తెలివైనవాడని నిస్సంకోచంగా చెప్పొచ్చు.

అంత మాత్రాన పొట్టి కడ్డీని పారేయనక్కర్లేదు, దాన్ని బాగుచేసే మార్గాలున్నాయి. కాయిల్‌ను అడుగు నుంచి కడ్డీ నడుముకు ఎక్కిస్తే కింది భాగమంతా ప్రవాహం నిండుగా పారి వికిరణ నిరోధం రెట్టింపుకు దగ్గరవుతుంది. కడ్డీని రెండింతలు పొడిగిస్తే నాలుగింతలవుతుంది. తోడు తీగలు ఎన్ని పరిస్తే అంత మేలు. 14 మెగాహెర్ట్జ్ కోసం 5 మీటర్ల కడ్డీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ముడిస్తే సంచిలో పడతాయి, సాగదీస్తే పావు అల పూర్తిగా వస్తుంది, కాయిల్ గొడవే ఉండదు.

అపార్ట్‌మెంటు బాల్కనీలో ఉండేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు నేలా లేదు, చెట్టూ లేదు. వాళ్ల కోసమే ఉన్నట్టుంటుంది చిన్న లూప్. ఒక మీటరు అడ్డకొలత ఉన్న రాగి గొట్టపు వలయం, దాని కొసల మధ్య తిప్పే కెపాసిటర్. లోపల అయిదో వంతు కొలతలో ఇంకో చిన్న వలయం, రేడియో కేబుల్ దానికి. దీని వికిరణ నిరోధం 14 మెగాహెర్ట్జ్ దగ్గర ఓమ్‌లో పదో వంతు. వినగానే నవ్వొచ్చే అంకె. కాని 22 మిల్లీమీటర్ల గొట్టం నష్టం దానిలో సగం కన్నా తక్కువ, 0.045 ఓమ్. అందుకే శక్తిలో మూడింట రెండు వంతులు బయటపడుతుంది. ఇంత సూక్ష్మమైన లెక్కలో ప్రతి అతుకూ ముఖ్యమే. సరిగా బిగించని ఒక్క స్క్రూ దగ్గర 0.05 ఓమ్ పెరిగితే సిగ్నల్‌లో నాలుగో వంతు అక్కడే ఆవిరి. మంచి లూప్‌లను స్క్రూలతో కాకుండా టంకం పెట్టి అతికేది అందుకే. మడిచి సంచిలో పెట్టుకునేందుకు గొట్టం బదులు లావు కేబుల్ వాడితే సౌకర్యం పెరుగుతుంది, నష్టం కూడా పెరుగుతుంది.

5 వాట్లే కదా అని చెయ్యి పెట్టకూడదు. మన లూప్‌లో 5 వాట్లకు ఐదారు ఆంపియర్లు తిరుగుతాయి, కెపాసిటర్ పలకల మధ్య వెయ్యి వోల్టులు దాటుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ రేడియోలోని కెపాసిటర్ అక్కడ నిప్పు రవ్వలు చిమ్ముతుంది. ఇంకో సంగతి, ఆ శ్రుతి ఎంత బిగువంటే 20 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగితే మళ్లీ తిప్పుకోవాలి. 7 మెగాహెర్ట్జ్‌కు దిగితే వికిరణ నిరోధం పదహారో వంతుకు పడిపోయి, అదే వలయం 5 వాట్లలో ఒక వాటు కూడా బయటికి పంపలేదు. బదులుగా అది ఇచ్చే వరం ఒకటి ఉంది. వలయాన్ని పక్కకు తిప్పుతూ పోతే ఒక దిక్కు నుంచి వచ్చే రొద దాదాపు మాయమవుతుంది. ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, లిఫ్టు మోటార్లు గోల పెట్టే నగరంలో అవతలివాడి మాట వినపడటానికి అది చాలాసార్లు చాలు.

వేడి, ఇరుకు శ్రుతి, వోల్టేజి. పొట్టి యాంటెన్నా ఏదైనా ఈ మూడింట్లో ఏదో ఒక రూపంలో మూల్యం చెల్లించే తీరుతుంది. ఇది తయారీదారుల చేతగానితనం కాదని 1947లో హెరాల్డ్ వీలర్, 1948లో లాన్ జెన్ చూ గణితంతో చూపించారు. యాంటెన్నా చిన్నదిగా, సమర్థంగా, వెడల్పైన బ్యాండుకు పనికొచ్చేదిగా ఒకేసారి ఉండలేదు. రెండు కావాలంటే మూడోది వదులుకోవాలి. గుప్పెడంత పెట్టెలో అన్ని బ్యాండ్లకూ పనికొచ్చే అద్భుత యాంటెన్నా అని ప్రకటన కనపడితే ఈ రెండు సంవత్సరాలను గుర్తు తెచ్చుకుంటే డబ్బు మిగులుతుంది.

పొడవు కుదిరాక వచ్చేది ఎత్తు. ఇక్కడ మన భూగోళం మనకు అనుకూలంగా ఉంది. 7 మెగాహెర్ట్జ్ తీగను ఐదారు మీటర్ల ఎత్తులో అడ్డంగా కడితే దాని శక్తి ఎక్కువ భాగం నిట్టనిలువుగా ఆకాశంలోకి పోతుంది, రెండు మూడు వందల కిలోమీటర్ల పైనున్న అయనోమండలానికి తగిలి చుట్టుపక్కల నాలుగైదు వందల కిలోమీటర్ల మేర చిలకరించినట్టు కిందికి వస్తుంది. అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి మన ఆకాశంలో పగటిపూట ఎలక్ట్రాన్లు దండిగా ఉంటాయి. చల్లని దేశాల్లో 7 మెగాహెర్ట్జ్ అల పైకి పోయి తిరిగి రాకుండా జారిపోయే రోజుల్లో కూడా ఇక్కడ తిరిగి వస్తుంది. ఈ పొరల గుట్టు విప్పే పరిశోధన విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు వంటివారి నాయకత్వంలో దశాబ్దాల పాటు సాగింది. కర్ర పొట్టిదైనందుకు హామ్ బాధపడనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడకో విశాఖకో మాట చేరాలంటే, మధ్యలో ఎన్ని కొండలున్నా, ఈ పొట్టి కర్రే నయం.

దూరదేశాలు కావాలంటే కథ తిరగబడుతుంది. అప్పుడు అల దిగంతాన్ని రాసుకుంటూ పోవాలి. అడ్డతీగ అయితే సగం అల ఎత్తుకు ఎక్కాలి, 14 మెగాహెర్ట్జ్‌కు పది మీటర్లు. లేదంటే నిలువు కడ్డీని సముద్రం అంచుకు తీసుకుపోవాలి. ఉప్పునీరు మామూలు నేల కన్నా వెయ్యి రెట్లకు అటూ ఇటూ ఎక్కువగా విద్యుత్తును పోనిస్తుంది. భీమిలి ఒడ్డున తడి ఇసుకలో నాటిన పావు అల కడ్డీ ముందు, ఊరి మధ్య మేడ మీద అదే కడ్డీ వెలవెలబోతుంది.

చిన్న స్టేషన్ల విలువ 2004లో దేశం కళ్లారా చూసింది. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆ డిసెంబరులో ఒక బృందాన్ని అండమాన్‌కు పంపింది. పదిహేడేళ్లుగా అక్కడి నుంచి హామ్ సిగ్నల్ వినపడలేదు. ఆ బృందంలోని భారతి ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్‌లో వీయూ4ఆర్‌బీఐ అన్న పిలుపుతో ప్రపంచంతో ముచ్చట్లు సాగిస్తుండగా, డిసెంబరు 26 ఉదయం భూమి కంపించి సునామీ వచ్చింది. టెలిఫోన్లు పోయాయి. సరదా కోసం కట్టిన యాంటెన్నాలే ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య వార్తల దారి అయ్యాయి. తమవాళ్లు బతికున్నారో లేదో తెలియని కుటుంబాలకు ఆ కబుర్లు చేరాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు సెల్ టవర్ల గతి ఏమైందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా. ప్లగ్గులు పెట్టిన తీగ ఒకటి, మడిచే కర్ర ఒకటి, 5 వాట్ల రేడియో ఒకటి మూట కట్టి అటక మీద ఉంచుకున్న హామ్ ప్రతి తీరప్రాంత మండలంలో ఒక్కరైనా ఉండాలి. ఇది కోరదగిన కోరిక, పెద్ద ఖర్చు కూడా కాదు.

ఏ యాంటెన్నా ఎంత గొప్పదన్న వాదనలు హామ్‌ల మధ్య తెగవు. వాటిని తేల్చే సాధనం 2008లో వచ్చింది. జంట పల్సార్‌ను కనుగొన్నందుకు 1993లో నోబెల్ బహుమతి పంచుకున్న జోసెఫ్ టేలర్ స్వయంగా హామ్. ఆయన తయారుచేసిన డబ్ల్యూఎస్‌పీఆర్ పద్ధతిలో రేడియో దాదాపు రెండు నిమిషాల పాటు తన పిలుపు, తన చోటు, తన పవర్ మాత్రమే అతి నెమ్మదిగా పంపుతుంది. సిగ్నల్ వెడల్పు 6 హెర్ట్జ్. చెవికి రొద తప్ప ఏమీ వినపడని చోట కూడా కంప్యూటర్ దాన్ని పట్టుకుంటుంది. విన్న ప్రతి స్టేషనూ ఎన్ని డెసిబెళ్లలో వినపడిందో రాసి ఇంటర్నెట్‌లోని ఉమ్మడి పట్టికకు పంపుతుంది. ఐదో వంతు వాటుతో ఖండాలు దాటడం ఇక్కడ మామూలే.

రెండు యాంటెన్నాలను పోల్చాలంటే ఒక విడత ఒకదానితో, తర్వాతి విడత రెండోదానితో పంపుతూ పోవాలి. ఒక్క జత కొలతలను నమ్మడానికి లేదు. అయనోమండలం కదలికకు ఒకే సిగ్నల్ నిమిషాల్లో పది డెసిబెళ్లు పైకీ కిందికీ ఊగుతుంది. సాయంత్రమంతా నడిపి, ఒకే స్టేషను రెంటినీ విన్న సందర్భాలను జతలు కట్టి సగటు తీయాలి. అప్పుడు పట్టికలో రెండు వరసలు విడిపోయి కనబడతాయి. 7 మెగాహెర్ట్జ్ మీద తక్కువ ఎత్తు అడ్డతీగ బెంగళూరు, నాగపూర్ స్టేషన్ల దగ్గర బాగా ముందుంటుంది. తోడు తీగలు బాగా పరిచిన నిలువు కడ్డీ అక్కడ వెనకబడినా, జపాన్, ఐరోపా స్టేషన్ల దగ్గరికి వచ్చేసరికి తేడాను పూడ్చుకుని దాటిపోవచ్చు. ఎవరితో మాట్లాడాలో ముందు తేల్చుకుని, సంచిలో ఏది పెట్టాలో ఆ పట్టిక చూసి నిర్ణయించుకోవచ్చు.